సుఖనిద్ర, మనోల్లాసము – పోషక మాత్రల పాత్ర

"ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని మన పెద్దలు చెప్పిన సామెత. పొద్దంతా పొలంలో శ్రమించిన మనిషి గట్టు మీద తల వాల్చగానే గాఢనిద్రలోకి జారుకొనుట చూచి పుట్టిన మాట అది. నేటి విద్యార్థి విషయంలో మాత్రం ఈ సామెత తలక్రిందులైనది. పరుపు ఉన్నది, పంకా ఉన్నది, తలగడ ఉన్నది. నిద్ర ఒక్కటే కరువైనది. అర్ధరాత్రి దాటినా కన్ను మూతపడదు, తెల్లవారిన తరువాత కన్ను తెరుచుకోదు. తరగతిలో కూర్చున్నప్పుడు పాఠం చెవికి చేరుతుంది గాని మనస్సుకు చేరదు. నిద్ర చెడినవానికి చిరాకు, చిరాకు ముదిరినవానికి దిగులు, దిగులు పడినవానికి మరల నిద్రలేమి. ఈ సుడిగుండంలో చిక్కుకొని పరీక్షల ముంగిట నిలిచిన విద్యార్థులు ప్రతి కళాశాలలోనూ కనిపిస్తారు.

ఈ బాధకు సులువైన విరుగుడు కావలెనని కోరుకోవడం సహజం. మందుల దుకాణంలో అద్దాల వెనుక రంగురంగుల సీసాలు వరుసగా నిలిచి ఉంటాయి. ఒకటి సుఖనిద్రను ఇస్తానంటుంది, ఇంకొకటి మనోల్లాసం కలిగిస్తానంటుంది, వేరొకటి జ్ఞాపకశక్తిని పెంచుతానంటుంది. విటమిన్ బిళ్ళలు, మెగ్నీషియం మాత్రలు, చేపనూనె గొట్టాలు, అశ్వగంధ చూర్ణం, మెలటోనిన్ చప్పరింపు బిళ్ళలు; వీటిలో ఏది నిజముగా పనిచేస్తుంది? ఎవరికి పనిచేస్తుంది? ఏ మేరకు పనిచేస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు శాస్త్రవిజ్ఞానం నేటివరకు ఇచ్చిన సమాధానాలను విద్యార్థి సోదర సోదరీమణుల ముందుంచడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశ్యం.

మేము చెప్పదలచిన విషయం ఆదిలోనే సూటిగా చెబుతాము. శరీరంలో ఒక పోషకం నిజముగా లోపించినప్పుడు దానిని తిరిగి సమకూర్చితే కలిగే మేలు ఆశ్చర్యకరమైనది. ఆ లోపం లేనివానికి అదే మాత్ర చేసే మేలు మిక్కిలి స్వల్పం. ఒక్కొక్కప్పుడు కీడు కూడా కలుగవచ్చును. కనుక మాత్రను వెదకుటకు ముందు లోపమును వెదకవలెను.

అనుబంధ పోషకములనగా నేమి?

మనం తినే అన్నము, పప్పు, కూర, పాలు, మాంసము మొదలైన వాటిలో పిండిపదార్థాలు, మాంసకృత్తులు, క్రొవ్వులు అధిక పరిమాణంలోను, విటమినులు, ఖనిజ లవణాలు స్వల్ప పరిమాణంలోను ఉంటాయి. ఈ రెండవ రకం పదార్థాలను గాని, మాంసకృత్తులలోని కొన్ని అంశాలను గాని, మూలికల సారాన్ని గాని వేరుచేసి మాత్రలుగా, పొడిగా, ద్రవంగా తయారుచేసి ఆహారానికి తోడుగా అమ్మినప్పుడు వాటిని అనుబంధ పోషకాలని అంటాము. వాడుకలో వీటినే బలం మాత్రలంటారు. మన దేశంలో వీటి తయారీకి, అమ్మకానికి సంబంధించిన నిబంధనలను ఆహార భద్రతా సంస్థ 2016లో ప్రకటించినది. ఇట్టి సీసాల మీద "ఔషధముగా వాడుటకు కాదు" అను అర్థం వచ్చే హెచ్చరిక ఉండవలెనని ఆ నిబంధనలు చెబుతున్నవి. సీసా ముందు భాగంలోని పెద్ద అక్షరాల వాగ్దానాలను చదివేవారు వెనుక భాగంలోని ఈ చిన్న అక్షరాలను కూడా చదువుట మంచిది.

ఆహారలోపం మనస్సును చెరుచునా? పెల్లాగ్రా చెప్పిన పాఠం

తినే తిండికీ, మనోస్థితికీ సంబంధం ఉన్నదా అని సందేహించేవారికి పెల్లాగ్రా అను వ్యాధి చరిత్రను మించిన సమాధానం లేదు. ఈ కథలో మన హైదరాబాదు నగరానికి కూడా ఒక అధ్యాయం ఉన్నందువలన దానిని కొంత విపులంగా చెబుతాము.

1735 ప్రాంతంలో స్పెయిను దేశపు వైద్యుడు గాస్పర్ కాసల్ నిరుపేద రైతులలో ఒక వింత జబ్బును గమనించి వర్ణించాడు. ఎండ తగిలే చోట్ల, అనగా చేతులమీద, పాదాలమీద, మెడచుట్టూ చర్మం నల్లబడి పొలుసులుగా ఊడిపోయేది. తరువాత విరేచనాలు పట్టుకొనేవి. చివరకు మతి చలించేది. అయితే మతి చలించుటకు చాలా ముందే రోగికి నిద్ర పట్టకపోవడం, ఊరకనే చిరాకు కలగడం, దేనిమీదా ఆసక్తి లేక దిగులుగా కూర్చుండిపోవడం వంటి లక్షణాలు కనిపించేవి. జొన్నపొత్తు, అనగా మొక్కజొన్న, ముఖ్యాహారంగా ఉన్న ఐరోపా ప్రాంతాలన్నిటిలోనూ ఈ జబ్బు వ్యాపించినది. ఇరవయ్యవ శతాబ్దారంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వేలాదిమందిని ఇది బలిగొన్నది. పిచ్చాసుపత్రులలో చేరినవారిలో అనేకులు నిజానికి పెల్లాగ్రా రోగులే.

1914లో అమెరికా ప్రభుత్వం ఈ వ్యాధి కారణమును కనుగొనుటకు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అను వైద్యుని నియమించినది. ఇది అంటువ్యాధి అని నాటి పండితుల దృఢ విశ్వాసం. గోల్డ్‌బెర్గర్ మాత్రం అనాథాశ్రమాలలో, పిచ్చాసుపత్రులలో ఒక విశేషాన్ని గమనించాడు. అక్కడి రోగులకే జబ్బు వస్తున్నది గాని, వారిని అంటిపెట్టుకొని సేవచేసే నర్సులకు, పనివారికి రావడం లేదు. ఉభయులకూ భేదం భోజనంలో ఉన్నది. రోగులకు మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, కొవ్వు తప్ప వేరేమీ దొరకదు. పాలు, గుడ్లు, మాంసం చేర్చగానే జబ్బు మాయమైనది. అయినా పండితులు నమ్మలేదు. అప్పుడు 1916లో గోల్డ్‌బెర్గర్, ఆయన భార్య, సహచరులు కొందరు పెల్లాగ్రా రోగుల రక్తమును తమ శరీరాలలోకి ఎక్కించుకొన్నారు. ఎవరికీ ఆ జబ్బు సోకలేదు. ఆయన 1929లో మరణించిన తరువాత, 1937లో కాన్రాడ్ ఎల్వెజెం అను శాస్త్రజ్ఞుడు కుక్కలలో ఇటువంటి వ్యాధిని నయంచేసే పదార్థం నికోటినిక్ ఆమ్లమని కనుగొన్నాడు. బి విటమినుల కుటుంబానికి చెందిన దీనినే నేడు నియాసిన్ అంటున్నాము. నియాసిన్ ఇచ్చిన కొద్ది దినాలలోనే రోగుల మానసిక లక్షణాలు తగ్గుముఖం పట్టడం వైద్యలోకాన్ని విస్మయపరచినది.

ఇక మన అధ్యాయం. దక్కను పీఠభూమిలో మొక్కజొన్నకు బదులు జొన్న ముఖ్యాహారంగా ఉన్న నిరుపేదలలో కూడా పెల్లాగ్రా కనిపించినది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయం చెంతనే తార్నాకలో స్థిరపడి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అను పేరుతో ప్రసిద్ధి చెందిన సంస్థలో ఈ సమస్యపై లోతైన పరిశోధన జరిగినది. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకంఠయ్య 1960లో ఒక సిద్ధాంతాన్ని ప్రకటించారు. జొన్నలోని మాంసకృత్తులలో ల్యూసిన్ అను అంశం అధికంగా ఉండి, శరీరం నియాసిన్‌ను తయారుచేసుకొనే పనికి అది ఆటంకం కలిగిస్తున్నదని వారి భావన. ఈ సిద్ధాంతంపై తరువాత వాదోపవాదాలు జరిగినవి. అయినా ఒక ప్రాంతపు ప్రజల కంచంలో ఉన్న ధాన్యానికీ, వారి చర్మానికీ, వారి మనస్సుకూ గల లంకెను నిశితంగా శోధించిన ఖ్యాతి ఆ సంస్థకు దక్కినది. జొన్న చెడ్డ ధాన్యమని దీని అర్థం కానేకాదు. జొన్నరొట్టెకు తోడు పప్పు, ఆకుకూర, మజ్జిగ, గుడ్డు ఉన్న ఇంటిలో పెల్లాగ్రాకు చోటులేదు. వట్టి రొట్టె, మిరపకారంతో కడుపు నింపుకోవలసిన బీదరికమే ఆ వ్యాధికి మూలం. ఆహారంలో వైవిధ్యం పెరిగిన కొద్దీ అది అరుదైపోయినది.

ఈ చరిత్ర రెండు సత్యాలను చెబుతున్నది. పోషకలోపం నిద్రను, మనస్సును చెరుచగలదన్నది మొదటిది. లోపించిన పోషకమే వాటిని చక్కదిద్దగలదన్నది రెండవది. పెల్లాగ్రా లేని మనిషి నియాసిన్ మాత్రలు మ్రింగినంత మాత్రాన అతని సంతోషం రెట్టింపు కాదని గూడ ఇక్కడే గుర్తుంచుకోవలెను.

ట్రిప్టోఫాన్ నుండి మెలటోనిన్ వరకు

శరీరం నియాసిన్‌ను కొంతవరకు స్వయంగా తయారుచేసుకొనునని పైన సూచించినాము. అందుకు ముడిసరుకు ట్రిప్టోఫాన్. ఇది మాంసకృత్తులలో ఉండే ఒక ఆమ్లం. పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపలు, వేరుశనగ, పప్పుధాన్యాల ద్వారా మనకు లభిస్తుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి 1 మిల్లీగ్రాము నియాసిన్ తయారవుతుంది. ఇదే ట్రిప్టోఫాన్ వేరొక మార్గంలో సెరటోనిన్ అను రసాయనంగా మారుతుంది. మెదడులోని నాడీకణాల మధ్య వార్తాహరునివలె పనిచేస్తూ మనోస్థితిని ప్రభావితం చేసే పదార్థాలలో సెరటోనిన్ ఒకటి. చీకటి పడిన తరువాత మెదడు నడుమ బఠాణీ గింజకంటె చిన్నదిగా ఉండే పీనియల్ గ్రంథిలో ఈ సెరటోనిన్ మరల మార్పుచెంది మెలటోనిన్ అవుతుంది. రాత్రి అయినదని శరీరంలోని ప్రతి అవయవానికీ చాటింపు వేసేది ఈ మెలటోనినే.

ఈ గొలుసును చూచినవారికి ఒక ఆలోచన తట్టుట సహజం: ట్రిప్టోఫాన్‌ను మాత్రగా మ్రింగితే సెరటోనిన్ పెరిగి, మెలటోనిన్ పెరిగి, నిద్రయు ఆనందమును ఒకేసారి లభించవా? అమెరికాలో 1980 దశకంలో అనేకులు ఈ ఆశతోనే ట్రిప్టోఫాన్ మాత్రలు వాడారు. 1989లో న్యూమెక్సికో రాష్ట్రంలోని వైద్యులు కొందరు రోగులలో భరించరాని కండరాల నొప్పిని, రక్తంలో ఒకజాతి తెల్లకణాల అసాధారణ వృద్ధిని గమనించారు. ఆ రోగులందరూ ట్రిప్టోఫాన్ వాడుతున్నవారే. చూస్తుండగానే దేశమంతటా 1500 మందికి పైగా ఈ జబ్బు బారినపడ్డారు; 30 మందికి పైగా మరణించారు. ఒక జపాను కర్మాగారం నుండి వచ్చిన సరుకుకే దాదాపు ఈ కేసులన్నీ ముడిపడి ఉన్నట్లు, ఆ సరుకులో కల్మషాలున్నట్లు విచారణలో తేలినది. ప్రభుత్వం ఆ మాత్రలను అంగళ్ళ నుండి తొలగింపజేసినది. "ఇది ఆహారంలో ఉండేదే కదా, ఏమి చేస్తుందిలే" అను ధీమా ఎంత ప్రమాదకరమో ఈ దుర్ఘటన వలన తెలియుచున్నది. కప్పెడు పాలలోని ట్రిప్టోఫాన్ వేరు, కర్మాగారంలో తయారై పొడిగా వచ్చిన ట్రిప్టోఫాన్ వేరు. రెండవదాని శుద్ధతకు పూచీ ఎవరన్న ప్రశ్న ఎప్పుడూ వేసుకోవలసినదే.

మెలటోనిన్ మాత్రలు

1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అను చర్మవైద్యుడు పశువుల పీనియల్ గ్రంథుల నుండి మెలటోనిన్‌ను వేరుచేశాడు. ఆయన వెదకినది చర్మపు రంగుకు సంబంధించిన పదార్థం. దొరికినది నిద్రకు సంబంధించినది. అమెరికాలో 1994 నాటి చట్టం తరువాత ఇది ఆహార అనుబంధంగా అంగళ్ళలో విరివిగా అమ్ముడుపోసాగినది. బ్రిటనులో మాత్రం వైద్యుని చీటీ లేనిదే ఇవ్వరు. ఒకే పదార్థం ఒక దేశంలో తినుబండారం, మరొక దేశంలో ఔషధం.

దీని ఫలితమెంత? 2013లో ప్రచురితమైన ఒక సమీక్ష పూర్వపు ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కించి, ఉత్తుత్తి మాత్ర వేసుకొన్నవారికంటె మెలటోనిన్ వేసుకొన్నవారు సగటున 7 నిమిషాలు ముందుగా నిద్రపోయారని, మొత్తం నిద్ర 8 నిమిషాలు పెరిగినదని తేల్చినది. లాభమున్నది, కాని అది సీసాపై వ్రాసినంత లేదు. మెలటోనిన్ మత్తుమందు కాదు, గడియారపు ముల్లును సరిదిద్దే సాధనం. అందువలననే సముద్రాలు దాటి ప్రయాణించేవారికి ఇది ఎక్కువగా ఉపకరిస్తుంది. హైదరాబాదు నుండి పైచదువులకు అమెరికా చేరిన విద్యార్థికి అక్కడి రాత్రి ఇక్కడి పగలు. అట్టివానికి కొన్నాళ్ళపాటు స్వల్ప మోతాదు మెలటోనిన్, వైద్యుని సలహాపై, మేలు చేయగలదు.

నాణ్యత విషయం మరొకటి. 2017లో కెనడా పరిశోధకులు 31 రకాల మెలటోనిన్ సరుకులను పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. చీటీపై వ్రాసినదానికంటె 83 శాతం తక్కువ మొదలు 478 శాతం ఎక్కువ వరకు మెలటోనిన్ వాటిలో ఉన్నది. నాలుగవ వంతుకు పైగా సరుకులలో, ఉండకూడని సెరటోనిన్ కూడా కనిపించినది. ఇదిలా ఉండగా, మన స్వంత పీనియల్ గ్రంథి ప్రతి రాత్రి ఉచితంగా, స్వచ్ఛంగా మెలటోనిన్‌ను తయారుచేస్తూనే ఉన్నది. కంటిలో వెలుగు పడినప్పుడు మాత్రం ఆ తయారీ మందగిస్తుంది. అర్ధరాత్రి వరకు ముఖానికి దగ్గరగా ఫోను వెలిగించుకొని, ఆ పిదప మెలటోనిన్ మాత్ర వేసుకొనుట కుండకు చిల్లి పొడిచి నీళ్ళు నింపుకొనుట వంటిది.

నిజముగా లోపించునవి: ఇనుము, బి12, విటమిన్ డి

మన విద్యార్థులలో నిజముగా కనిపించే లోపాలలో మొదట పేర్కొనదగినది ఇనుము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6 శాతం. అనగా తరగతిలో కూర్చున్న విద్యార్థినులలో సగానికి పైగా ఈ బాధకు గురై ఉండవచ్చునన్నమాట. రక్తహీనత గలవారికి అలసట, తలనొప్పి, ఏకాగ్రత లోపం, నిరుత్సాహం కలుగుతాయి. దీనినే అనేక గృహాలలో బద్ధకమని, చదువుమీద అశ్రద్ధ అని అపార్థం చేసుకొంటారు. ఇనుము తగ్గినవారిలో కొందరికి రాత్రి పడుకోగానే కాళ్ళలో ఏదో ప్రాకుతున్నట్లు, లాగుతున్నట్లు అనిపించి, కాళ్ళు కదపక ఉండలేని బాధ కలుగుతుంది. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బొమ్ విపులంగా వర్ణించిన ఈ స్థితి నిద్రను పూర్తిగా పాడుచేస్తుంది. రక్తపరీక్షలో ఇనుము నిలువ తక్కువని తేలినవారికి ఇనుము మాత్రలే దీనికి చికిత్స. ఏ నిద్రమాత్రా చేయలేని పని అది చేస్తుంది.

ఇనుము విషయంలో మన నగరవాసులకు ఒక మాట. ఇరానీ చాయ్ మనకు ప్రీతిపాత్రమే. కాని తేయాకులోని పదార్థాలు ఆహారంలోని ఇనుమును శరీరం గ్రహించకుండా అడ్డుపడతాయి. భోజనం చేస్తూ గాని, ఇనుము మాత్ర వేసుకొన్న వెంటనే గాని చాయ్ త్రాగరాదు. గంట, రెండు గంటలు ఎడముంచవలెను. దీనికి భిన్నంగా నిమ్మరసం, ఉసిరి, జామపండు ఇనుమును చక్కగా ఒంటబట్టిస్తాయి. పప్పులో నిమ్మకాయ పిండుకొనే మన అలవాటులో శాస్త్రమున్నది.

రెండవది బి12 విటమిన్. దీనిని మొక్కలు తయారుచేయలేవు. సూక్ష్మజీవులు మాత్రమే చేయగలవు. మనకు పాలు, గుడ్లు, చేపలు, మాంసం, కలేజీ ద్వారా లభిస్తుంది. శాకాహారులలో, అందునా పాలు పెరుగు తక్కువగా తీసుకొనేవారిలో ఇది లోపించుట సాధారణం. లోపం ముదిరితే రక్తహీనత, కాళ్ళుచేతుల తిమ్మిర్లు, మతిమరపు, మనోవ్యాకులత కలుగుతాయి. దీనికి తోడుబోతు ఫోలిక్ ఆమ్లం. భీమవరంలో 1895లో జన్మించి అమెరికాలో కీర్తి గడించిన మన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో పరిశోధకులు 1945లో ఈ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారని తెలుగువారందరూ గర్వించవచ్చును. అయితే ఒక జాగ్రత్త. బి12 లోపించినవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే అధికంగా వాడితే రక్తం బాగుపడినట్లు కనిపిస్తుంది గాని, నాడులకు జరిగే నష్టం లోలోపల కొనసాగుతూనే ఉంటుంది. పరీక్ష చేయించుకొనకుండ ఎవరికి వారే మాత్రలు ఎన్నుకొనరాదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనం లేదు.

మూడవది విటమిన్ డి. ఎండ పుష్కలంగా గల మన దేశంలో కూడా, పగలంతా గదులలో గడిపేవారిలో ఇది తక్కువగా ఉంటున్నది. లోపమున్నప్పుడు ఎముకల నొప్పులు, కండరాల బలహీనత కలుగుతాయి, సరిదిద్దుకొనవలసినదే. కాని దీనితో దిగులు కూడా పోవునా? అమెరికాలో 50 ఏండ్లు దాటిన 18,353 మందికి అయిదేండ్లకు పైగా రోజూ విటమిన్ డి గాని ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చి చూశారు. 2020లో వెలువడిన ఫలితం ప్రకారం కుంగుబాటు రాకుండ ఆపుటలో రెండింటికీ భేదం కనబడలేదు. విటమిన్ డి శరీరంలో నిలువ ఉండే పదార్థం గనుక మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు కలుగుతుంది.

మిగిలిన మాత్రలు

మెగ్నీషియం ఆకుకూరలు, పప్పులు, గింజలు, చిరుధాన్యాలలో సమృద్ధిగా ఉన్నది. నిద్రకు ఇది ఉపకరిస్తుందని చేసిన ప్రయోగాలు చిన్నవి, బలహీనమైనవి. ఎక్కువైతే విరేచనాలగును, మూత్రపిండాల జబ్బు గలవారికి అపాయకరం. అశ్వగంధ మన వైద్య సంప్రదాయంలో చిరకాలంగా ఉన్నది. నిద్రకు, ఆందోళనకు కొంత మేలు చేయునని కొన్ని చిన్న ప్రయోగాలు సూచిస్తున్నవి. కాని అరుదుగా కాలేయానికి హాని కలిగిన సంఘటనలు నమోదైనవి. డెన్మార్కు దేశం 2023లో దీనిని నిషేధించినది. బి6 విటమినును అధిక మోతాదులో నెలల తరబడి వాడితే నాడులే దెబ్బతింటాయి.

మనోల్లాసం విషయంలో రెండు ప్రయోగాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఐరోపాలో నాలుగు దేశాలలో, అధిక బరువుతోపాటు స్వల్పంగా దిగులు లక్షణాలు గల 1025 మందిపై జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో, ఏడాదిపాటు చేపనూనె, విటమిన్ డి, ఫోలిక్ ఆమ్లం, సెలీనియం కలిపి ఇచ్చినా కుంగుబాటు ఆగలేదు. 2017లో ఆస్ట్రేలియాలో వెలువడిన మరొక ప్రయోగంలో, కుంగుబాటు గల 67 మందిలో కొందరికి మాత్రలేవీ ఇవ్వక భోజనమునే మార్చారు. కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు పెంచి, మిఠాయిలు, వేపుళ్ళు తగ్గించారు. 12 వారాల తరువాత వారిలో 32 శాతం మంది కోలుకొన్నారు. కేవలం ఆప్యాయంగా మాట్లాడుతూ వచ్చిన రెండవ వర్గంలో 8 శాతం మందే కోలుకొన్నారు. ఈ ప్రయోగం చిన్నదే గనుక తుదితీర్పు అనలేము. అయినను సీసాలో ఉన్నదానికంటె కంచంలో ఉన్నదానిమీదనే ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చునని ఇది సూచిస్తున్నది.

పరీక్షల రాత్రులు

నిద్రకు ఏమి చేర్చవలెనని అడిగేముందు ఏమి తగ్గించవలెనని అడుగుట ఉచితం. మెలకువగా ఉన్నంతసేపు మెదడులో అడెనోసిన్ అను పదార్థం పోగుపడుతూ నిద్రను పిలుస్తుంది. చాయ్, కాఫీలలోని కెఫీన్ ఆ పిలుపు వినబడకుండ చేస్తుంది. త్రాగిన కెఫీన్‌లో సగం కరిగిపోవుటకే సుమారు 5 గంటలు పడుతుంది. నిద్రకు 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకొన్నవారికి గంటకు పైగా నిద్ర తగ్గిపోయినదని 2013లో ఒక పరిశోధన చూపినది. సాయంత్రం తరువాత చాయ్ మానుట ఏ నిద్రమాత్రకూ తీసిపోదు. రంజాన్ మాసంలో తరావీహ్ తరువాత ఆలస్యంగా పడుకొని సహరీకి లేచే విద్యార్థులు ఈ సంగతి ప్రత్యేకించి గమనించవలెను. ఇఫ్తార్ తరువాతి చాయ్‌ని మితపరచుకొని, మధ్యాహ్నం కొద్దిసేపు కునుకు తీస్తే కోల్పోయిన నిద్రలో కొంత తిరిగి దక్కుతుంది.

పద్దెనిమిదేండ్ల లోపువారికి రోజుకు 8 నుండి 10 గంటలు, ఆపై వారికి 7 నుండి 9 గంటలు నిద్ర అవసరమని నిపుణుల అభిప్రాయం. పగలు చదివిన పాఠం మెదడులో స్థిరపడేది నిద్రలోనే. రాత్రంతా మేల్కొని చదివి, జ్ఞాపకశక్తికి బిళ్ళలు వేసుకొనే విద్యార్థి ఒక చేత్తో పోగొట్టుకొన్నదానిని రెండవ చేత్తో డబ్బిచ్చి కొనజూస్తున్నాడు. అది అక్కడ దొరకదు.

మాత్ర చాలని వేళ

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. రెండు వారాలకు మించి దిగులు వదలనప్పుడు, ఇష్టమైన పనులు కూడా రుచించనప్పుడు, నిద్రాహారాలు తప్పినప్పుడు, బ్రతుకు భారమనిపించినప్పుడు అది పోషకలోపమని సరిపెట్టుకొని బలం మాత్రలతో కాలక్షేపం చేయరాదు. కుంగుబాటు ఒక వ్యాధి. దానికి చికిత్స ఉన్నది. వైద్యుని వద్దకు వెళ్ళుటలో సిగ్గుపడవలసినదేమీ లేదు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి, ఏ వేళనైనా, ఉచితంగా, తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో మాట్లాడవచ్చును. తోటి విద్యార్థి మౌనంగా ఉంటున్నాడని గమనించినవారు ఈ సంగతి అతనికి చెప్పుట స్నేహధర్మం. మందుల దుకాణంలో చీటీ లేకుండ నిద్రమాత్రలు సంపాదించి వాడుట ఎంతమాత్రము తగదు.

కర్తవ్యం

విద్యార్థులకు మా విన్నపం ఇది. నెలల తరబడి అలసట, నిద్రలేమి ఉన్నట్లయితే ముందుగా రక్తపరీక్ష చేయించుకొనండి. లోపం తేలితే వైద్యుడు చెప్పిన మాత్రను చెప్పినన్నాళ్ళు వాడండి, మధ్యలో మానవద్దు. లోపం లేదని తేలితే ఆ డబ్బుతో గుడ్లు, వేరుశనగలు, పండ్లు కొనుక్కోండి. రోజూ ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవండి. ఉదయపు ఎండలో కొంతసేపు నడవండి. పడకగదిలోకి ఫోనును రానీయవద్దు.

కళాశాల పాలకవర్గం వారికి సైతం సవినయంగా మూడు సూచనలు చేస్తున్నాము. ప్రతి సంవత్సరారంభంలో విద్యార్థినీ విద్యార్థులందరికీ రక్తంలో హిమోగ్లోబిన్ పరీక్ష జరిపించుట. పదునెనిమిది, పందొమ్మిదేండ్ల వరకు ప్రభుత్వం వారానికొకటి చొప్పున ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రలు అర్హులందరికీ అందేలా చూచుట మొదటిది. క్యాంటీనులో సమోసాల సరసన ఉడికించిన గుడ్లు, మొలకెత్తిన పెసలు, పల్లీపట్టీలకు చోటు కల్పించుట రెండవది. పరీక్షల కాలపట్టికను ముందుగా ప్రకటించి, వసతిగృహంలో రాత్రి నిర్ణీత సమయానికి దీపాలార్పు నియమం పాటించుట మూడవది. వీటికయ్యే వ్యయం స్వల్పం. సగం తరగతి రక్తహీనతతో కునికిపాట్లు పడుతుంటే ఎంతటి ఉపాధ్యాయుడైనా చేయగలిగినది కొంతే. ఆ విద్యార్థులు కన్నులు విప్పి పాఠం వినగలిగిననాడు అధ్యాపకుల శ్రమ, తల్లిదండ్రుల ఆశ రెండూ ఫలించగలవని మా విశ్వాసం.